బండి మీద జీపీఎస్: సిగ్నల్ లేని తండాలకు ఏది పనికొస్తది, ఎట్ల బిగించాలె?

దేవరకొండ పాడిబండి
ఆదివారం, ఉదయం 6:50

అందరికి నమస్తే. నేను గోపాలమిత్రగా, అంటే ఆవులు చూడి కట్టేటందుకు వీర్యం సూది వేసే పని చేస్తున్న. దేవరకొండల ఉంట. చందంపేట, నేరేడుగొమ్ము మండలాల తండాలకు రోజూ బండి మీదనే తిరుగుడు. బండి 2015 స్ప్లెండర్. ఒక పక్క వీర్యం నిలువ ఉంచే లిక్విడ్ నైట్రోజన్ జాడీ, ఇంకో పక్క సామాను సంచి.

నా పనిల టైమే ముఖ్యం. ఆవు పొద్దున ఎదకొస్తే సాయంత్రానికి, సాయంత్రం ఎదకొస్తే తెల్లారి సూది వెయ్యాలె. ఆ విడత తప్పితే మళ్ల ఇరవై ఒక్క రోజులు ఎదురుచూసుడే.

పోయిన వారం చీకటి పడ్డంక కొత్త తండాకు బయలెల్లిన. ఫోన్ల మ్యాప్ చూపించిన దారి పట్టుకొని పోతే సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డుకు తీస్కపోయింది. దారి అట్లనే నీళ్లల్లకు దిగిపోయింది. రైతుకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. తిరిగి తిరిగి రాత్రి పదకొండుకు దేవరకొండకే వచ్చిన. ఆ ఆవుకు ఆ విడత పోయింది. వాళ్లకు ఉన్నది అదొక్క ఆవే. ఆ సంగతి నా మనసులకెల్లి పోతలేదు.

ఇంకో కష్టం. హ్యాండిల్‌కు ఫోన్ పెడితే ఎండకు కాలి స్క్రీన్ మసకైతది, చార్జింగ్ ఆగుతది. ఆర్నెల్లల్ల కెమెరా గూడ పాడైంది. ఏ ఫొటో తీసినా వణికినట్టు వస్తది.

అందుకే అడుగుతున్న. ఫోనే సాలా, వేరే జీపీఎస్ కొనాల్నా? పది పన్నెండు వేలకు మించి పెట్టలేను. బండికి ఎక్కడ బిగించాలె? కరెంటు ఎక్కడికెల్లి తీయాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు థంపర్
ఆదివారం, ఉదయం 8:15

తమ్మీ, కెమెరా సంగతి ముందుగాల చెప్త. నాది బుల్లెట్ 350. మెట్టుగడ్డ నుంచి శ్రీశైలం రెండు సార్లు పోయొచ్చేసరికి నా ఫోన్‌ది గూడ ఇదే కథ. నేను ఫోన్‌ల తప్పనుకున్న. కాదు. ఇప్పటి చానా ఫోన్లల్ల చెయ్యి వణికినా ఫొటో నిలకడగా వచ్చేటందుకు లెన్సును సన్నటి స్ప్రింగులు, అయస్కాంతాల మీద తేలేటట్టు పెడ్తరు. ఇంజిన్ వణుకు హ్యాండిల్ గొట్టంలకెల్లి గంటలకొద్దీ దానికి తాకితే ఆ ఏర్పాటు దెబ్బతింటది. యాపిల్ వాళ్లే 2021 సెప్టెంబరుల ఈ మాట రాసి పెట్టిండ్రు, పెద్ద ఇంజిన్ బైకుల మీద బిగించొద్దు, మోపెడ్లు, స్కూటర్ల లాంటి చిన్న బండ్ల మీద బిగిస్తే వణుకు తగ్గించే మౌంటు, అంటే ఫోన్‌ను పట్టుకునే బిగింపు, వాడమని. అట్లాంటి కెమెరా ఉన్న ఏ కంపెనీ ఫోన్‌కైనా అదే లెక్క, అయస్కాంతం అయస్కాంతమే.

మంచి ఫోన్ జేబుల ఉండాలె. హ్యాండిల్ మీద పెట్టేది వేరే ఉండాలె. నా మాట అదొక్కటే.

కోదాడ పార్శిల్
ఆదివారం, ఉదయం 9:02

నేను రోజుకు వంద కిలోమీటర్ల పైనే తిరుగుతా, హుజూర్‌నగర్, నేరేడుచర్ల వైపు. పాత ఫోన్ వాడుతున్నా, సిమ్ లేకుండా. మీకూ అదే చెప్తా. బీరువాలో పడి ఉన్న ఫోన్ ఏదైనా తీయండి. కెమెరా పోయినా మనకేం పని లేదు. బ్యాటరీ ఉబ్బి ఉండకూడదు, అది మాత్రం వెనక మూత లేచిందేమో చూసి తెలుసుకోండి. ఉబ్బిన బ్యాటరీని నల్గొండ ఎండలో హ్యాండిల్ మీద పెట్టడం ప్రమాదం.

దేవరకొండ పాడిబండి
ఆదివారం, ఉదయం 9:20

అన్నా, సిమ్ లేకుంటే జీపీఎస్ ఎట్ల నడుస్తది? సిగ్నల్ పోయినప్పుడల్ల నా మ్యాప్ తెల్లగైతది కదా.

సాగర్ కాలువ గట్టు
ఆదివారం, ఉదయం 10:35

ఈ సందేహం చాలామందికి ఉంటుంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నేను సర్వే పనిలో ఉన్నాను, హాలియాలో.

రెండు వేరు వేరు విషయాలను ఫోన్ ఒకే తెర మీద చూపిస్తుంది. ఒకటి, మీరు ఎక్కడున్నారనేది. రెండు, ఆ చోటు చుట్టూ ఉన్న బొమ్మ, అంటే మ్యాప్. మొదటిది ఉపగ్రహాల నుంచి వస్తుంది. దానికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం అందితే ఫోన్ లెక్క కట్టుకుంటుంది. అమెరికా జీపీఎస్ ఒక్కటే కాదు, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ, కొన్ని కొత్త ఫోన్లలో మన ఇస్రో నావిక్ కూడా అందుతాయి. రెండోది, అంటే బొమ్మ, డేటా ద్వారా వస్తుంది. మీ తెర తెల్లబడిందంటే జీపీఎస్ పోయినట్టు కాదు, బొమ్మ రానట్టు. ఇంట్లో వైఫై దగ్గర బొమ్మ దించి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఒక తేడా మాత్రం ఉంది. సిగ్నల్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్ నెట్ ద్వారా ముందే తెలుసుకుంటుంది, అందుకే రెండు మూడు సెకన్లలో చుక్క పడుతుంది. నెట్ లేకపోతే ఆ వివరాన్ని ఉపగ్రహం నుంచే వినాలి. జీపీఎస్ ఉపగ్రహం సెకనుకు 50 బిట్ల చొప్పున చాలా నిదానంగా చెబుతుంది. తన కక్ష్య వివరం ఒక విడత చెప్పడానికి 30 సెకన్లు, ఉపగ్రహాలన్నిటి పట్టిక పూర్తిగా చెప్పడానికి పన్నెండున్నర నిమిషాలు. మధ్యలో చెట్టు కిందికో గుట్ట చాటుకో వెళ్తే మాట తెగి మళ్లీ మొదలు. కాబట్టి దేవరకొండలో బయలుదేరే ముందే జీపీఎస్ ఆన్ చేసి, ఆకాశం కనిపించే చోట రెండు నిమిషాలు బండి ఆపి ఉంచండి. చుక్క కుదిరాక కదలండి. అడవిలోకి వెళ్లాక ఆన్ చేసి కదులుతూ వెతికితే ఆలస్యమవుతుంది.

ఇక నీళ్లలోకి వెళ్లిన దారి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వేసవిలో నీళ్లు బాగా దిగినప్పుడు ఒండ్రు మీద ట్రాక్టర్లు, బండ్లు తిరిగిన జాడలు పై నుంచి తీసిన చిత్రంలో అచ్చం మట్టి రోడ్డులా కనిపిస్తాయి. జలాశయం కట్టకముందు ఊళ్ల మధ్య ఉన్న పాత బాటల జాడలూ ఒడ్డున తేలుతుంటాయి. చిత్రం చూసి గీత గీసేవాళ్లకు ఆ గీత ఆగస్టులో నీళ్ల కింద ఉంటుందని తెలియదు. మీరు తప్పు చేయలేదు. కృష్ణ, డిండి ఒడ్డు మండలాల్లో తిరిగేవాళ్లు మ్యాప్ గీతను నమ్మే ముందు ఉపగ్రహ చిత్రం పొర కూడా వేసి చూసుకోవాలి.

అచ్చంపేట అడవిదారి
ఆదివారం, మధ్యాహ్నం 1:10

సాగర్ కాలువ సార్ చెప్పినదానికి మా వైపు సంగతి ఒకటి. మన్ననూరు దాటినంక దోమలపెంట దాకా చానా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆ అడవి రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను విడవరు, పులుల అభయారణ్యం కాబట్టి. మ్యాప్‌కు ఆ గేటు సంగతి పట్టదు. హైదరాబాద్ పిల్లలు రాత్రి పది గంటలకు మన్ననూరు చెక్‌పోస్టు కాడ నిలబడి మ్యాప్ చూపించి, దారి ఉన్నది కదా అని అడుగుతుంటరు. దారి ఉంటది, పోనియ్యరు.

లోపల జీపు బాటలు గూడ తెర మీద రోడ్ల లెక్కనే కనబడతయి. సలేశ్వరం దారి చైత్ర పున్నమి జాతరప్పుడు తెరుస్తరు. మిగతా రోజులు ఆ గీత పట్టుకొని లోపలికి పోతే అటవీ శాఖోళ్లు కేసు రాస్తరు. పరికరం ఎంత ఖరీదుదైనా గేటు తాళం సంగతి చెప్పదు, అక్కడి మనిషిని అడగాలె.

వనపర్తి కొత్తబండి
ఆదివారం, మధ్యాహ్నం 3:44

అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను కూడా జీపీఎస్ కోసమే చూస్తున్నా. దుకాణంలో రెండు వేలకు చిన్న డబ్బా చూపించి ఇదే బైక్ జీపీఎస్ అన్నారు. దానికి తెర లేదు. ఇది కొనొచ్చా?

మిర్యాలగూడ వైర్‌మ్యాన్
ఆదివారం, సాయంత్రం 5:30

అది దారి చూపేది కాదు తమ్ముడూ, బండి ఎక్కడుందో నీ ఫోన్‌కు చెప్పేది. ట్రాకర్ అంటరు. దొంగతనం భయం ఉంటే మంచిదే. దాంట్ల సిమ్ ఉంటది, నెలకో ఏడాదికో రీచార్జి ఉంటది. రాత్రింబగళ్లు బ్యాటరీ మీదనే నడుస్తది కాబట్టి పది రోజులు బండి తీయకుంటే చిన్న బ్యాటరీ పడిపోతది. ఫోన్‌లకెల్లి ఇంజిన్ ఆపే రిలే గూడ పెడ్తం అని అడుగుతరు. వద్దను. నడుస్తున్న బండికి కరెంటు కోస్తే లారీల మధ్యల బండి ఆగిపోతది. నా దుకాణంల ఆ రిలే నేను పెట్టను.

నిర్వాహకుడు
ఆదివారం, సాయంత్రం 6:05

ట్రాకర్ల మీద ఇంకా అడగాలనుకునేవారు వేరే చర్చ తెరవండి. ఇక్కడ దారి చూపే పరికరం, దాని బిగింపు మాత్రమే.

సాగర్ కాలువ గట్టు
ఆదివారం, రాత్రి 8:20

బడ్జెట్ ప్రశ్నకు వస్తాను. బైకుల కోసమే చేసిన తెరలు ఉన్నాయి. గార్మిన్ కంపెనీ జుమో ఎక్స్‌టీ రకం పెద్ద తెరతో, గ్లౌజు వేసుకుని నొక్కినా పనిచేసేటట్టు, వాన తట్టుకునేటట్టు వస్తుంది. బైకుకు బిగించే మౌంటు, కరెంటు వైరు దానితోనే ఇస్తారు. లద్దాఖ్ వెళ్లేవారికి అది సరైన సరుకు. మీ పన్నెండు వేలకు అది చాలా దూరం, మీ పనికి అవసరం కూడా లేదు. తండాల పేర్లు దాని మ్యాపులోనూ ఉండవు.

చేతిలో పట్టుకునే గార్మిన్ ఈట్రెక్స్ రకం ఇంకొకటి. మేము పొలాల్లో వాడతాం. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే 25 గంటల దాకా నడుస్తుంది. ఎండ ఎంత పడితే తెర అంత స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది పడిన వెలుతురునే తిప్పి పంపే రకం తెర. మీటరు లోతు నీళ్లలో అరగంట పడినా చావదు. దాని లోపం, తెర 2.2 అంగుళాలే. నలభై వేగంతో పోతూ చూడటం కష్టం. పాతది మంచి ధరకు దొరికితే తీసుకోండి, కొత్తది కొనడానికి అప్పు చేయకండి.

నా సలహా పాత ఫోనే. దానిలో ఒస్మాండ్ లేదా ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ వేసి తెలంగాణ మ్యాప్ మొత్తం దించుకోండి. మిగిలిన డబ్బు మౌంటుకూ వైరింగుకూ పెట్టండి. ఆరు వేల మౌంటు మీద పాత ఫోన్ ఏళ్ల తరబడి నడుస్తుంది. రెండొందల మౌంటు మీద యాభై వేల పరికరం మొదటి గుంతకే రోడ్డు మీద ఉంటుంది.

దేవరకొండ పాడిబండి
సోమవారం, ఉదయం 6:15

సార్, నా తమ్ముని పాత ఫోన్ ఉంది, తెర మంచిగనే ఉంది. దాన్నే తీస్త. మరి తండాల పేర్లు మ్యాప్‌ల ఉండయి అంటిరి. అప్పుడెట్ల?

సాగర్ కాలువ గట్టు
సోమవారం, ఉదయం 7:00

మీరే పెట్టుకోవాలి. అసలు పని ఇదే. తండాకు పగలు వెళ్లినప్పుడు రైతు కొట్టం ముందు నిలబడి, పది సెకన్లు ఆగి, గుర్తు వేసి పేరు తెలుగులో రాయండి. దారి మొత్తాన్ని ట్రాక్‌గా కూడా రికార్డు చేయండి. రాత్రి వెళ్లాల్సి వస్తే మ్యాప్ గీసిన దారి కాదు, మీరు పగలు నడిపిన గీత మీదే మళ్లీ నడుస్తారు. బహిరంగంలో మామూలు ఫోన్ గుర్తు అయిదు మీటర్ల అటూ ఇటూగా పడుతుంది, కొట్టానికి అది చాలు.

అంకెలు చేత్తో రాసుకునేటప్పుడు జాగ్రత్త. ఈ తప్పు మా సిబ్బందే చేస్తుంటారు. నల్గొండ సుమారు 17.05 డిగ్రీల ఉత్తరం. చుక్క తర్వాత 05 చూసి 17 డిగ్రీల 5 నిమిషాలు అని కొడితే తప్పు. 0.05 డిగ్రీ అంటే 3 నిమిషాలు. ఉత్తర దక్షిణాలుగా ఒక్కో నిమిషం 1.85 కిలోమీటర్లు. రెండు నిమిషాల తేడా మిమ్మల్ని మూడున్నర కిలోమీటర్ల పైన అవతల దించుతుంది. ఎవరితో స్థలం పంచుకున్నా అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో ముందు సరిచూసుకోండి.

ఇంకొక్క మాట. మీ గుర్తులను మీ ఫోన్లోనే దాచుకోకుండా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చండి. అది ఎవరైనా దిద్దగలిగే మ్యాప్, తెలుగు పేరు రాయడానికి ప్రత్యేకంగా చోటు ఉంటుంది. నేను పైన చెప్పిన రెండు యాప్‌లూ దాని నుంచే బొమ్మ తీసుకుంటాయి. నీళ్లలోకి పోయే ఆ గీతను కూడా అక్కడ సరిచేయొచ్చు. మీ తర్వాత ఆ దారి పట్టే 108 వాళ్లకో, ఆశా కార్యకర్తకో అది పనికొస్తుంది.

గద్వాల టీచరమ్మ
సోమవారం, మధ్యాహ్నం 12:40

ఈ మాట నాకు చాలా నచ్చింది. మేము ఎన్నికల విధులకు వెళ్లినప్పుడు ఒకే పేరున్న ఊళ్లతో పడిన ఇబ్బంది ఇంతా అంతా కాదు. చింతపల్లి అని కొడితే నల్గొండ జిల్లా చింతపల్లి వస్తుందో, విశాఖ మన్యం చింతపల్లి వస్తుందో చూసుకోవాలి. పక్కన మండలం పేరు రాసి వెతకడం అలవాటు చేసుకోండి.

నాది స్కూటర్. హ్యాండిల్ మొత్తం ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది, గొట్టానికి పట్టు వేసే మౌంటు కుదరదు. అద్దం కడ్డీ కింద బిగించేది తెచ్చుకున్నాను. మొదటి వారం బాగానే ఉంది, తర్వాత అద్దమే వదులై తిరిగిపోయింది. సరైన పద్ధతి ఏమిటో మన వైర్‌మ్యాన్ అన్న చెబితే బాగుండు.

మిర్యాలగూడ వైర్‌మ్యాన్
సోమవారం, రాత్రి 9:10

పని ముగించుకొని కూసున్న, ఇప్పుడు వివరంగ రాస్త.

టీచరమ్మా, అద్దం బోల్టు కింద పట్టీ పెట్టినప్పుడు మందం పెరుగుతది, మరలు తక్కువ దిగుతయి. అందుకే వదులైతది. కడ్డీకున్న లాక్ నట్టు ముందు బాగ పైకి తిప్పి, అద్దం పూర్తిగ దిగేదాకా తిప్పి, ఆఖర్ల లాక్ నట్టు కిందికి బిగించాలె. పళ్లున్న వాషర్ ఒకటి వెయ్యండి. చానా బండ్లకు అద్దం మర 10 మిల్లీమీటర్లది. యమహా బండ్లకు కుడి అద్దం మర ఎదురు తిరుగుతది, అది తెలువక బలంగ తిప్పి మర చెడగొట్టుకొని నా దగ్గరికొస్తరు. అద్దం కడ్డీ చివర వణుకు ఎక్కువ, కాబట్టి పట్టీని ఎంత కిందికి పెడితే అంత మంచిది.

ఇగ పాడిబండి తమ్మీ, నీ స్ప్లెండర్ హ్యాండిల్ గొట్టం 22 మిల్లీమీటర్లది. లావు హ్యాండిల్ బండ్లకు 28 మిల్లీమీటర్ల దాకా ఉంటది, రెంటికీ సరిపోయే రబ్బరు పట్టీ డబ్బాల ఇస్తరు. ప్లాస్టిక్ పట్టు తీసుకోవద్దు. మన ఎండకు ఏడాదిల పెళుసైతది. అల్యూమినియం పట్టు, నాలుగు మూలల పట్టుకునే గోర్లు, కింద వణుకు మింగే రబ్బరు దిమ్మె ఉన్నది తీసుకో. ఎక్కడ బిగించాలె అంటే హ్యాండిల్ నడుమ, బిగింపు దిమ్మెకు ఎంత దగ్గరైతే అంత. చివరకు పోయినకొద్దీ వణుకు పెరుగుతది. మీటరు కనబడాలె, తాళం చెవి తిరగాలె. రోడ్డు మీదికెల్లి కన్ను కొంచెం దించితే తెర కనబడాలె, మెడ వంచేటట్టు ఉండొద్దు.

బిగించినంక హ్యాండిల్‌ను ఎడమకు ఆఖరు దాకా, కుడికి ఆఖరు దాకా తిప్పు. ఫోన్ ట్యాంకుకు తాకొద్దు, క్లచ్ వైరు, బ్రేకు వైరు ఎక్కడా ఒత్తుకోవద్దు. ఇంజిన్ నడుస్తుండగ గూడ తిప్పి చూడు. తిప్పినప్పుడు రేసు పెరిగిందంటే ఏదో వైరు యాక్సిలేటర్ కేబుల్‌ను గుంజుతున్నట్టు. అట్ల రోడ్డెక్కొద్దు.

కరెంటు పని. ఇక్కడనే చానా మంది ఫోన్లు కాల్చుకునేది.

పాత స్ప్లెండర్ లాంటి బండ్లల్ల హెడ్‌లైటుకు పోయేది బ్యాటరీ కరెంటు కాదు. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే మాగ్నెటో కాయిల్‌లకెల్లి నేరుగ వచ్చే ఏసీ కరెంటు. ఇంజిన్ నడిస్తేనే లైటు వెలుగుతది, రేసు ఇస్తే వెలుతురు పెరుగుతది చూడు, అదే గుర్తు. హెడ్‌లైటు వైరు దగ్గరుంది కదా అని దానికి చార్జర్ కలిపితే చార్జర్ పోతది, ఒక్కోసారి ఫోన్ గూడ. బ్రేకు లైటు స్విచ్చికి గానీ, హారన్‌కు గానీ తాళం తిప్పితే వచ్చే 12 వోల్టు లైను పట్టుకో. అది డీసీ, అంటే బ్యాటరీ కరెంటు.

రంగులు జూసి మోసపోవద్దు. ఇంటి వైరింగుల నల్ల వైరు న్యూట్రల్ కాబట్టి, అది అలవాటున్నోళ్లు ఇక్కడ గూడ నల్లదాంట్ల కరెంటు ఉండదనుకుంటరు. హోండా పద్ధతి వైరింగుల ఎర్తు ఆకుపచ్చది, నల్లది తాళం తిప్పితే కరెంటు వచ్చేది. పాత బండ్లకు మధ్యల ఎవరెవరో చేతులు పెట్టి ఉంటరు కాబట్టి టెస్ట్ బల్బు పెట్టి చూసినంకనే కలుపు. తాళం చెవి ఆఫ్ చేస్తే బల్బు ఆరాలె.

నేరుగ బ్యాటరీకే కలుపుత అంటవేమో. చార్జర్ ఖాళీగ ఉన్నా కొంచెం కరెంటు తాగుతనే ఉంటది. 10 మిల్లీయాంపియర్లు తాగిందనుకో, రోజుకు 0.24 యాంపియర్ అవర్. నీ బండి బ్యాటరీ మూడు యాంపియర్ అవర్ లెక్కల ఉంటది. పన్నెండు రోజులు బండి తీయకుంటే మొత్తం ఖాళీ. అంతకు ముందే సెల్ఫ్ తిరగది. అందుకే తాళం లైనే.

5 వోల్టు 2 యాంపియర్ చార్జర్ సాలు, అది పది వాట్లు. 12 వోల్టు పక్క సుమారు ఒక యాంపియరే గుంజుతది. కలిపిన చోటనే, అంటే కరెంటు మొదలయ్యే పక్కనే, 2 యాంపియర్ ఫ్యూజు వెయ్యి. చార్జర్ పక్కన వేస్తే నడుమల వైరు ఒరుసుకుపోయి ఎర్తు తాకినప్పుడు ఆ ఫ్యూజు ఏం కాపాడది.

అతుకు సోల్డర్ చెయ్యకు. సోల్డర్ చేసిన చోట వైరు గట్టిపడుతది, వణుకుకు ఆ అంచు కాడనే తెగుతది. కప్లర్ పిన్ను వేసి ప్లయర్‌తో నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడుగు. వైరును ట్యాంకు కిందికెల్లి తియ్యి, ఇంజిన్ హెడ్డుకు దూరంగ. మెడ కాడ హ్యాండిల్ తిరిగేటందుకు వదులుగ ఒక చుట్టు ఉంచు. చార్జర్ నోటికి రబ్బరు మూత ఉండాలె. ఫోన్‌కు పోయే వైరు కింద నుంచి పైకి రావాలె. పై నుంచి దిగితే వాన నీళ్లు వైరు పట్టుకొని నేరుగ ఫోన్ల దిగుతయి.

బండి వారంటీల ఉన్నోళ్లు వైరింగ్ కిట్ల ఒక్క వైరు గూడ కోయొద్దు. నడుమల పెట్టే కప్లర్లు దొరుకుతయి.

పాలమూరు థంపర్
సోమవారం, రాత్రి 9:55

ఇంత వివరంగ ఎవరూ చెప్పరన్నా. నేను బుల్లెట్‌కు ఈ ఫ్యూజు సంగతి తప్పుగనే పెట్టిన, రేపే మారుస్త.

ఒకటి కలుపుత. అయస్కాంతం మౌంటులు వద్దు. అవి దగ్గరుంటే ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తది. నడుస్తున్నప్పుడు జీపీఎస్ కదలిక చూసి దిక్కు సరిచేసుకుంటది గానీ, మూడు బాటల కాడ నిలబడి ఎటు పోవాలె అని చూసినప్పుడు బాణం తిక్కగ తిరుగుతది. అడుగు తప్పేది అక్కడనే.

కోదాడ పార్శిల్
మంగళవారం, ఉదయం 7:25

ఎండ సంగతి ఎవరూ చెప్పలేదు. చాలా ఫోన్లకు బయటి వేడి 35 డిగ్రీల దాకానే కంపెనీ హామీ. మన దగ్గర మే నెలలో 45 చూస్తాం. నేను చేసేది ఇది: ఫోన్ వెనక కవరు తీసేస్తా, గాలి తగులుతుంది. వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టను, అది పొయ్యి లాంటిది. పైన అట్టముక్కతో చిన్న చూరు కట్టుకున్నా, మధ్యాహ్నం తెర కూడా కనబడుతుంది. చార్జింగ్ ఎనభై శాతం దాటాక వైరు పీకేస్తా. వేడిలో చార్జింగే ఫోన్‌ను ఎక్కువ కాలుస్తుంది. తెర ఎప్పుడూ వెలిగి ఉండక్కర్లేదు, మలుపు దగ్గర మాత్రమే వెలిగేటట్టు యాప్‌లో పెట్టుకోవచ్చు.

వాన వస్తే పెద్ద పాల ప్యాకెట్ కవరు ఒకటి తొడిగి రబ్బరు బ్యాండ్ వేస్తా.

గద్వాల టీచరమ్మ
మంగళవారం, సాయంత్రం 6:30

పోలీసులు ఆపితే ఏమవుతుందని మా సహోద్యోగి ఒకామె అడిగింది. కేంద్ర మోటారు వాహన నియమాలకు చేసిన సవరణ 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఫోన్ లాంటి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, నడిపేవారి ధ్యాస చెదరకుండా వాడొచ్చు. బిగించి ఉంటే, మ్యాప్ నడుస్తుంటే ఇబ్బంది లేదు. అదే ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడితే ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. నేనైతే గమ్యం బయలుదేరే ముందే కొట్టి, మాట తెలుగులో పెట్టుకుంటాను. మార్చాలంటే బండి పక్కకు ఆపుతాను. నడుస్తూ తెర నొక్కిన పాపానికి మా వీధిలో ఒక అబ్బాయి కాలు విరిగింది.

దేవరకొండ పాడిబండి
ఇరవై మూడు రోజుల తర్వాత, రాత్రి 10:05

అందరికి మళ్ల నమస్తే. పని అయింది, చెప్దామని వచ్చిన.

తమ్ముని పాత ఫోన్ పెట్టిన. అల్యూమినియం మౌంటు, రబ్బరు దిమ్మె, చార్జర్, ఫ్యూజు, కూలి అంత కలిపి నాలుగు వేల లోపలనే అయింది. బ్రేకు స్విచ్చి లైనుకే కలిపించిన. ఇక్కడి మెకానిక్ మొదలు హెడ్‌లైటుకే కలుపుత అన్నడు. వైర్‌మ్యాన్ అన్న రాసింది చదివి వినిపించిన, టెస్ట్ బల్బు పెట్టి చూసి ఆయనే ఔనన్నడు.

నైట్రోజన్ జాడీ పక్క వైరు పోకుండ ఎడమకెల్లి తీపించిన. జాడీ మూత తీసినప్పుడు పొగ తగిలి వైరు తొడుగు పగులుతదేమో అని నా భయం.

రోజూ తిరిగేటప్పుడే గుర్తులు పెట్టుకుంటున్న. ఇయ్యాల్టికి నలభై ఒక్క తండాలు, ఆవాసాలు అయినయి. రైతు పేరు పెట్టలే, తండా పేరు, చెట్టో గుడో ఒక ఆనవాలు రాసిన. నీళ్లల్లకు పోయే గీత ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ల సరిచేసిన, కాలువ గట్టు సార్ ఫోన్ల పక్కనుండి చేపిచ్చిండు.

మొన్న సాయంత్రం ఆ ఇంటికెల్లే ఫోనొచ్చింది, అదే ఆవు. తెల్లారుజామున నాలుగున్నరకు బయలెల్లిన. చీకటి, మంచు, సిగ్నల్ లేదు. పగలు నడిపిన గీత మీదనే పోయిన. ఆరు గాకముందే కొట్టం ముందట ఉన్న. సూది వేసిన. మూడు నెలలకు చూడి పరీక్షకు మళ్ల పోవాలె, తారీఖు గూడ ఆ గుర్తు కిందనే రాసుకున్న.

అచ్చంపేట అడవిదారి
అదే రాత్రి, 10:30

మంచి మాట చెప్పినవు తమ్మీ. ఆ నలభై ఒక్క గుర్తుల ఫైలు మీ మండలం పశువుల డాక్టరుకు గూడ ఇయ్యి. నువ్వు సెలవుల ఉన్ననాడు ఇంకొకరు పోతరు కదా.

మిర్యాలగూడ వైర్‌మ్యాన్
అదే రాత్రి, 10:48

నెలకోసారి మౌంటు బోల్టులు అలెన్ కీతో ఒక్క చుట్టు చూసుకో, మన రోడ్లకు వదులైతయి. 2 యాంపియర్ ఫ్యూజు ఇంకొకటి కొని సీటు కింద టేపుతో అంటించి పెట్టు. రాత్రి తండాల కాడ పోతే అక్కడ దొరకది.